గేటు దగ్గర ఆగిపోయిన మాట

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 41 ఏళ్లు, హైస్కూల్ టీచర్‌ని. ఎంత చదివినా, ఎన్ని ప్రవచనాలు విన్నా ఏదీ లోతుగా మనసుకెక్కడం లేదు. టైం సరిపోక వీడియోలు రెండింతల స్పీడులో పెట్టుకుంటాను. అమ్మ పోయాక బాపు మా దగ్గరే ఉంటున్నాడు. కొత్తవాడలో నలభై ఏళ్లు జంపఖానాలు నేసిన మనిషి. మొదటి నుంచీ నెమ్మది మాట. ఒక్క ముక్క చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది, వింటుంటే నాకు టెన్షన్. మొన్న బడికి బయల్దేరుతుంటే గేటు దగ్గర "మీ అమ్మ..." అని మొదలుపెట్టాడు. "సాయంత్రం చెప్దువు గానీ బాపూ" అని స్కూటీ తీశాను. సెలవుల్లో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లాలా, యాప్ పెట్టుకుని ఇంట్లోనే ధ్యానం చేయాలా?

జవాబు: విపశ్యనకు వెళ్తానంటే వెళ్లండి. హైదరాబాద్‌లో కేంద్రం ఉంది, ఫీజు అడగరు, ఫోన్ ముందే తీసి పెట్టేస్తారు. తొమ్మిది రోజులు మౌనం, పదో రోజు మాట్లాడనిస్తారు. ఆ తర్వాత మీరు వచ్చేది మళ్లీ అదే గేటు తీసుకునే. యాప్ సంగతి నన్ను అడగకండి.

సాయంత్రం ఆయన ఏం చెప్పాడో మీరు రాయలేదు. మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు. అంతే కదా?

చిన్నప్పుడు మీరు ఆయన మగ్గం పక్కన కూర్చునే ఉంటారు. రంగు మారిన చోటల్లా ఆగి, పోగు చేత్తో దూర్చి, పంజాతో, అంటే దువ్వెనలాంటి పనిముట్టుతో, కొట్టి దించాలి. 2018లో వరంగల్ జంపఖానాలకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని మీ పిల్లలకు జనరల్ నాలెడ్జ్‌లో చెప్పే ఉంటారు. అవి నేసిన మనిషి మీ ఇంట్లోనే, ఒక మాట చెప్పుకోవడానికి సందు దొరక్క కూర్చున్నాడు.

రెండింతల స్పీడుకు అలవాటైన చెవికి మాటకీ మాటకీ నడుమ ఖాళీ వస్తే ఓర్వలేదు. ఆ ఖాళీలో ఆయన మాట వెతుక్కుంటాడు. మీరు అందించేస్తారు. "ఆఁ, అదే" అని ఆయన లేచి వెళ్లిపోతాడు. పుస్తకం దగ్గరా మీరు చేస్తున్నది ఇదే, పేరా సగంలోనే "తెలిసిందేలే" అని పేజీ తిప్పేస్తున్నారు. క్లాసులో నత్తిగా పద్యం చెప్పే పిల్లాడి కోసం ఆగుతారు కదా? జీతమిచ్చే చోట ఉన్న ఓపిక కన్నతండ్రి దగ్గర ఎందుకు లేదు? కటువుగా ఉంటే ఉండనివ్వండి, నేనూ ఒక తండ్రినే.

(నెమ్మది పాతదే అన్నారు కాబట్టి సరే. ఎప్పుడైనా ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.)

ఈ ఆదివారం పొద్దున్నే ఆయన్ని భద్రకాళి చెరువు కట్ట మీదికి తీసుకెళ్లండి. పిల్లలు వద్దు, మీ ఆయన వద్దు, ఫోన్ ఇంట్లోనే. "మొన్న అమ్మ గురించి ఏదో చెప్పబోయినవ్, నేనే వినలేదు బాపూ" అనండి. ఇక మీరు మాట్లాడకండి. ఆయన మగ్గం దగ్గర మొదలుపెట్టి, వానల మీదికి పోయి, ఎప్పటికో అమ్మ దగ్గరికి రావచ్చు. రాకపోతే పై ఆదివారం మళ్లీ వెళ్లండి. ఇంట్లో టిఫిన్ చల్లారితే చల్లారనివ్వండి.