నాలుగింటికి లేపితే లెక్కలు వస్తాయా?

(జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయి ప్రైవేటు పాఠశాలలో పదో తరగతి చదువుతున్నాడు. ఉదయం ఏడున్నరకు వెళ్తే స్టడీ అవర్ కూడా ముగించుకుని రాత్రి ఏడున్నరకు వస్తాడు. రోజుకు పద్నాలుగు గంటలు చదివితేనే 550 దాటుతాయని తల్లిదండ్రుల సమావేశంలో చెప్పారు. అందుకని రాత్రి పదకొండు వరకు చదివించి, తెల్లవారుజామున నాలుగింటికి లేపి కూర్చోబెడుతున్నాను. నేనూ పక్కనే కూర్చుంటున్నాను. అయినా అర్ధ సంవత్సర పరీక్షల్లో 600కు 412 మార్కులే వచ్చాయి. తెలుగు 82, హిందీ 78, ఇంగ్లీషు 71, లెక్కలు 54, భౌతికశాస్త్రం 26, జీవశాస్త్రం 36, సాంఘికం 65. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు రావాలని మా ఆశ. అసలు రోజుకు ఎన్ని గంటలు చదవాలి?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందుగా మీకు దండం పెట్టాలి. ఉత్తరంలో మార్కులన్నీ సబ్జెక్టులవారీగా రాశారు. నాకు వచ్చే ఉత్తరాల్లో పదింట తొమ్మిది "మా వాడికి మార్కులు రావడం లేదు" అన్నచోటే ఆగిపోతాయి. మందు అడుగుతారు, జ్వరం ఎంతో చెప్పరు.

మీవాడు పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేస్తున్నాడు. అంటే నిద్ర అయిదు గంటలు. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. మీరు నాలుగింటికి లేపేది ఒక పిల్లవాడిని కాదు, వాడి శరీరాన్ని మాత్రమే. బుర్ర ఆరున్నరకు లేస్తుంది. మధ్యలోని రెండున్నర గంటలూ పుస్తకం వాడిని చూస్తూ కూర్చుంటుంది. దయచేసి రేపటి నుంచే ఈ లేపడం మానేయండి. మీరూ పడుకోండి.

ఇప్పుడు గంటల సంగతి. బడిలో ఎలాగూ పన్నెండు గంటలు ఉంటున్నాడు కాబట్టి ఇంట్లో రెండున్నర గంటలు చాలు. రాత్రి స్నానం, భోజనం అయ్యాక ఎనిమిదింబావు నుంచి పావుతక్కువ పది వరకు గంటన్నర. పదింటికి దీపం ఆర్పేయాలి. ఉదయం ఆరింటికి లేచి, ముఖం కడుక్కుని ఒక గంట. ఆదివారం అయిదు గంటలు. ఇలా వారానికి ఇరవై గంటలు అవుతాయి. పరీక్షలకు ఇంకా పది వారాలు ఉన్నాయనుకుంటే 200 గంటలు. ఇదేమీ చిన్న అంకె కాదు. అయితే దాన్ని ఎక్కడ ఖర్చు పెడతారన్నదే మీ అసలు ప్రశ్న కావాలి.

మీవాడికి రాని మార్కులు 188. వాటిని విడదీసి చూడండి. లెక్కల్లో 46, సాంఘికంలో 35, ఇంగ్లీషులో 29, భౌతికశాస్త్రంలో 24, హిందీలో 22, తెలుగులో 18, జీవశాస్త్రంలో 14. భౌతికశాస్త్రంలో పోయినవి 24 అంటే తక్కువగా కనబడుతుంది గానీ, ఆ పేపరు 50 మార్కులదే. సగం పోయాయి! లెక్కలతో పాటు కాలుతున్న ఇల్లు అదే. నేనైతే 200 గంటల్లో లెక్కలకు 70, సాంఘికానికి 40, భౌతికశాస్త్రానికి 35, ఇంగ్లీషుకు 25 ఇస్తాను. మిగిలిన 30 గంటలను తెలుగు, హిందీ, జీవశాస్త్రం పంచుకుంటాయి. లెక్కలకు రోజుకు ఒక గంట పడుతుంది. ఆ గంట రాత్రి పూట కాకుండా ఉదయం పెట్టండి.

పిల్లలు సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు. తెలుగులో 82 వచ్చినవాడు తెలుగే తీసి చదువుతాడు. వచ్చిన పాఠం చదువుతుంటే హాయిగా ఉంటుంది, చదువుతున్నామన్న తృప్తీ కలుగుతుంది, పక్కన కూర్చున్న అమ్మకూ సంతోషం. మీవాడు తెల్లవారుజామున ఏ పుస్తకం తీస్తున్నాడో ఒక వారం గమనించండి. నా అనుమానం నిజమైతే నాకు మరో ఉత్తరం రాయండి.

ఇక ఎలా చదువుతున్నాడన్నది. కిందటేడు మా పక్కింటి అబ్బాయి కూడా ఇలాగే గంటల తరబడి కూర్చునేవాడు. ఒక సాయంత్రం వచ్చి, "టీచర్ గారూ, వర్గ సమీకరణాలు మొత్తం వచ్చేశాయి" అన్నాడు. సరేనని పుస్తకంలోని రైలు లెక్క ఇచ్చాను. ఒక రైలు 360 కిలోమీటర్ల దూరాన్ని ఒకే వేగంతో వెళ్తుంది. వేగం గంటకు 5 కిలోమీటర్లు ఎక్కువైతే ప్రయాణానికి గంట తక్కువ పడుతుంది. అయితే రైలు వేగం ఎంత? "ఇది చేశాను టీచర్" అన్నాడు వెంటనే. గైడు మూసేసి తెల్లకాగితం చేతికిచ్చాను.

వేగం x అనుకున్నాడు. బాగుంది. 360/x అని రాశాడు. దాని పక్కన 360/(x+5) కూడా వచ్చింది. అక్కడ కలం ఆగింది. దేనిలోంచి దేన్ని తీసేయాలి? గైడులో ఆ వరుస వాడి కంటికి గుర్తుందే తప్ప కారణం గుర్తులేదు. రెండోదానిలోంచి మొదటిదాన్ని తీసేసి, ఒకటికి సమానం చేశాడు. వేగం పెరిగితే కాలం తగ్గుతుంది కదా, చిన్నదానిలోంచి పెద్దదాన్ని ఎలా తీస్తావురా అని అడగాలనిపించినా నోరు మూసుకుని కూర్చున్నాను. చివరకు x² + 5x + 1800 = 0 అని తేలింది. 1800ను విడగొడుతూ ఇరవై నిమిషాలు చెమటలు పట్టించుకున్నాడు. 45, 40 దొరికాయి గానీ రెండూ కలిపితే 85 అవుతోంది, 5 రావడం లేదు. రాదు కూడా. ఆ సమీకరణానికి విచక్షణి (b² – 4ac) రుణాత్మకం, అంటే దానికి వాస్తవ సంఖ్యల్లో జవాబే లేదు. ఒక్క గుర్తు తేడాతో రైలు పట్టాలు తప్పింది.

ఆ ఇరవై నిమిషాల్లో వాడు నేర్చుకున్నంత అంతకుముందు రెండు వారాల్లో నేర్చుకోలేదు. మర్నాడు తనంతట తానే వచ్చి x² + 5x – 1800 = 0 రాసి, 40 తెచ్చి, –45ను కొట్టేసి "వేగం రుణాత్మకం కాదు" అని ఒక వాక్యం కూడా రాశాడు. ఆ చివరి వాక్యాన్ని పరీక్షలో ఎంతమంది వదిలేస్తారో మీకు తెలియదు, నాకు తెలుసు. ఇరవై ఏళ్లకు పైగా స్పాట్‌కు, అంటే పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దే శిబిరానికి, వెళ్లాను. రోజుకు 40 పేపర్లు దిద్దేవాళ్లం. పేపరు దిద్దేవారికి పిల్లవాడు ఎన్నింటికి లేచాడో తెలియదమ్మా. కాగితం మీద ఉన్న మెట్లే కనబడతాయి. సమీకరణం సరిగా రాసి చివర్లో తడబడితే అంతవరకు మార్కులు వేస్తాం. మెట్లేమీ లేకుండా జవాబు ఒక్కటే తెచ్చి పెడితే వేయడానికి చేతులు రావు.

కాబట్టి మీరు పక్కన కూర్చోవాలనే ఉంటే ఒక పని చేయండి. వాడు "చదివేశాను" అన్నప్పుడల్లా పుస్తకం మీరు తీసుకుని, తెల్లకాగితం వాడికి ఇవ్వండి. మీకు సబ్జెక్టు రాకపోయినా ఫరవాలేదు. చూడకుండా రాసినదాన్ని పుస్తకంతో పోల్చి, తప్పులను ఎర్ర కలంతో వాడే దిద్దుకుంటాడు. ఇది నా సొంత కవిత్వం కాదు. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. ఒక పాఠాన్ని నాలుగు విడతలుగా చదివినవారికి వారం తర్వాత అందులో 40 శాతం గుర్తుంది. ఒక్క విడతే చదివి, మూడు విడతలు చూడకుండా రాసినవారికి 61 శాతం గుర్తుంది. తమాషా ఏమిటంటే, చదివిన అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే మాత్రం ఎక్కువసార్లు చదివినవారే ముందున్నారు. మీవాడు రాత్రి చదివింది మీకు గడగడా అప్పజెప్పి, వారం తర్వాత పరీక్షలో తెల్లముఖం వేయడానికి కారణం ఇదే.

ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి లెక్కల పేపరులో 33 ప్రశ్నలు ఉంటాయి. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఇచ్చేది మూడుంబావు గంటలు, అందులో పావుగంట ప్రశ్నపత్రం చదువుకోవడానికే పోతుంది. ఇంటి దగ్గర ఒక్కసారి కూడా మూడు గంటలు వరుసగా రాయని పిల్లలు చివరి 40 మార్కుల భాగానికి వచ్చేసరికి చెయ్యి నొప్పితో, గడియారం భయంతో కుదేలవుతారు. ఎనిమిది మార్కుల లెక్క రెండు మెట్ల దగ్గర ఆగిపోయిన పేపర్లు ఎన్ని దిద్దానో! ఫిబ్రవరి నుంచి ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు, అంటే అసలు పరీక్ష మొదలయ్యే వేళకే, పాత ప్రశ్నపత్రం ఒకటి పెట్టి కూర్చోబెట్టండి. మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. ఫోను మీ దగ్గరే ఉండాలి. మీది కూడా మూగబోవాలి.

550 మాటకొస్తే, 412 నుంచి అక్కడికి 138 మార్కులు ఎక్కాలి. పది వారాల్లో 500 దాటడం సాధ్యమేనని నా అంచనా. 520 వస్తే పండగ చేసుకోండి. 550 వస్తుందని మాట ఇవ్వలేను, ఇచ్చేవారిని నమ్మకండి. ట్రిపుల్ ఐటీలో ప్రవేశాలు పదో తరగతి మార్కుల ఆధారంగానే జరుగుతాయి. ప్రభుత్వ బడుల పిల్లలకు అదనంగా 4 శాతం కలుపుతారు కాబట్టి మీవాడికి పోటీ మరికాస్త ఎక్కువే. అక్కడ సీటు రాకపోతే ఏం చేయాలో ఇప్పుడే, పరీక్షలకు ముందే, మీరూ మీవారూ మాట్లాడుకోండి. పాలిటెక్నిక్ ఉంది, ఇంటర్ ఉంది. ఇంట్లో రెండో దారి ఉందని తెలిసిన పిల్లవాడి చెయ్యి పరీక్ష హాలులో తక్కువ వణుకుతుంది.

ప్రశ్న: నేను పదో తరగతి. రాత్రి రెండింటి వరకు చదివితే నాకు బాగా ఎక్కుతుంది. మా నాన్న మాత్రం ఉదయమే చదవాలంటారు. ఎవరిది సరైనది?
– ఒక విద్యార్థిని, జగిత్యాల

జవాబు: బాగా ఎక్కుతుందో లేదో తేల్చడానికి తేలిక మార్గం ఉంది. రాత్రి చదివిన పాఠాన్ని మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ చూడకుండా రాసి చూడు. ఉదయం చదివినదాన్ని కూడా అలాగే చెయ్యి. నాలుగు రోజుల్లో నీకే తెలిసిపోతుంది, నాన్నగారితో వాదన అక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం మరిచిపోకు తల్లీ, పబ్లిక్ పరీక్ష ఉదయం తొమ్మిదిన్నరకు పెడతారు, రాత్రి రెండింటికి కాదు. పరీక్షలకు మూడు వారాల ముందు నుంచైనా ఆ వేళకు బుర్ర చురుగ్గా ఉండేలా నిద్ర వేళలు మార్చుకో.

ప్రశ్న: మా అమ్మాయి సర్కారు బడిలో పదో తరగతి. లెక్కల్లో 17 వచ్చాయి. మిరప కోతలకు మాతో వస్తుంది కాబట్టి రోజుకు రెండు గంటలకు మించి చదవలేదు. ఎక్కువ అడగను, పాసైతే చాలు. అవుతుందా?
– ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: అవుతుంది. పాస్ మార్కులు 35. ఒక మార్కు, రెండు మార్కుల ప్రశ్నలు కలిపితే 28 మార్కులు. వాటికి నాలుగు మార్కుల లెక్కలు రెండు తోడైతే 36. అన్నీ తప్పు లేకుండా రావు కాబట్టి ఎనిమిది మార్కుల లెక్క ఒకటి చేతిలో ఉంచుకోవాలి. రెండు రేఖీయ సమీకరణాలకు గ్రాఫు గీయడం నేర్చుకోమనండి. స్కేలు రాసి, అక్షాలకు పేర్లు పెట్టి, బిందువులు సరిగా గుర్తిస్తే సగం దారి నడిచినట్టే. పాఠాల్లో ముందు సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం, అంకశ్రేఢులు. ఈ మూడూ గట్టిగా పట్టుకుంటే మిగతావాటి భయం తగ్గుతుంది. రోజుకు రెండు గంటల్లో ఒక గంట లెక్కలకే ఇవ్వండి. వచ్చినా రాకపోయినా ప్రతి ప్రశ్నకూ తెలిసిన మేరకు రాయమనండి. ఖాళీగా వదిలినచోట అరమార్కు వేయాలన్నా మాకు దారి ఉండదు.

ఇక కోతల మాట. అమ్మాయి తెచ్చే కూలి మీ ఇంటికి ఎంత అవసరమో నాకు తెలియదు, తప్పు పట్టను. కానీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో బడిలో అయ్యవార్లు ముఖ్యమైన లెక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు. ట్యూషన్‌కు డబ్బు కట్టలేని పిల్లలకు అదే ట్యూషన్. ఆ రోజుల్లో బడి మానిపించకండి. లెక్కల టీచరును ఒకసారి వెళ్లి కలవండి. "నా బిడ్డ పాసవ్వాలి, ఏం చేయమంటారు" అని అడిగిన తండ్రిని కసిరిన టీచరును నేను చూడలేదు. మిరప ఘాటుకు చేతులు మండుతుంటే కలం పట్టడం కష్టం. చదువుకు కూర్చునేముందు చేతులకు కొబ్బరినూనె రాసుకుని, కాసేపయ్యాక సబ్బుతో కడుక్కోమనండి.