ఎర్రబస్సు గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రభుత్వ సేవలు, ప్రైవేటు సేవలపై నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. సిద్ధాంతాల పేర్లు బోలెడున్నాయి గానీ, ఒక్క బస్సూ కదల్లేదు. మన దగ్గర ఈ వాదం ముదిరింది బస్సు మీదే కాబట్టి, తిరగరాసేటప్పుడు అక్కణ్ణుంచే మొదలుపెట్టు.

నిజాం రాజ్యంలో 1932లోనే రైల్వేశాఖ కింద 27 బస్సులతో సర్కారు సర్వీసులు మొదలయ్యాయి. 1958 జనవరి 11న ఏర్పడిన ఆర్టీసీ కృష్ణా జిల్లా రూట్లను తీసుకోబోగా, అక్కడి ప్రైవేటు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ తీర్పు తప్పక చదువు. ప్రైవేటు రూట్లను సర్కారు తీసుకునే వీలిచ్చిన చట్టాన్ని కోర్టు తప్పుపట్టలేదు. అయితే యజమానుల అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి అయినప్పుడు, ఒకరు విని మరొకరు తేల్చడం విచారణ ఎలా అవుతుందని రూట్లు తీసుకునే ఆ పథకాన్ని కొట్టేసింది. కర్నూలు వ్యవహారం ఇంకా ఘాటైనది. రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికే, ప్రైవేటు రూట్లు తీసుకునే వరుసలో ఆ జిల్లాను ముందుకు జరిపారన్న ఆరోపణను ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి స్వయంగా అఫిడవిట్ వేసి ఖండించలేదు. కోర్టు ఆ మౌనాన్ని లెక్కలోకి తీసుకుంది, 1964లో ఆయన రాజీనామా చేశారు. నువ్వు ‘ప్రభుత్వం’ అని రాసిన ప్రతిచోటా ఆ కుర్చీలో ఎవరున్నారో ఒకసారి చూసుకో.

అలాగని యజమానులను అమాయకులుగా చిత్రించకు. మా ఊరి ప్రైవేటు బస్సు నిండితేగానీ కదిలేది కాదు. సంత రోజు మూడు ట్రిప్పులు వేసేది, వానలు పడితే జాడ ఉండేది కాదు. ఎర్రబస్సు వచ్చాక నలుగురే ఎక్కినా, కండక్టరు టికెట్ల డబ్బా మీద టకటకమని కొట్టి ‘రైట్’ అనేవాడు. (ఆ చప్పుడుకే మా నాయనమ్మ తాంబూలం మూట కట్టేది.)

నలుగురితో నడిచిన ఆ ట్రిప్పు లెక్కల్లో నష్టంగానే పడుతుంది. 2019 అక్టోబరులో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు ప్రభుత్వంలో విలీనం కోరుతూ సమ్మెకు దిగినప్పుడు, నష్టాలు మోయలేమన్న ప్రభుత్వం 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామని తీర్మానించినప్పుడు, ఇరుపక్షాల మధ్య నలిగింది ఆ ట్రిప్పే. ఆంధ్రప్రదేశ్ మాత్రం 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలుపుకుంది.

కొత్త చిత్తుప్రతి రాసే ముందు ఒక పల్లె రూటు ఎంచుకుని, రోజుకు ఎన్ని ట్రిప్పులు, ఆఖరి బస్సు ఎన్నింటికి, అందులో ఎవరు ఎక్కుతారు అన్నది డిపోలో అడిగి, నువ్వే ఎక్కి చూసి రా. ఆ కాగితం వ్యాసం కంటే ముందు నాకు పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి