పురుగుల గడియారం చూసుకో

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు. చీడపీడలను వాటి సహజ శత్రువులతోనే అదుపు చేసే జీవ నియంత్రణ పనుల సమన్వయ బాధ్యత నీకు అప్పగించారని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. ఈ రంగంలో పురుగుల గురించి తెలిసినవాళ్లకు కొదవ లేదమ్మా. పురుగులు పెంచేవాళ్లను, మోసుకొచ్చేవాళ్లను, రైతులను ఒకే వారంలో ఒకే పొలం గట్టు మీదికి రప్పించేవాళ్లే తక్కువ. ఇకమీదట నీ పని అదే.

అన్నిటికన్నా ముందు శత్రువు పేరు తేల్చుకో. పిండినల్లి పట్టింది అంటే చాలదు, ఏ పిండినల్లి? దాని ఒంట్లో గుడ్డు పెట్టి చంపే చిన్న పురుగు బదనికకు ఆ తేడా బాగా తెలుసు, తెలియనిది మనకే. సాల్వీనియా అనే నీటి కలుపు సంగతి చూడు. చాలాకాలం దాన్ని మరో జాతిగా పొరబడ్డారు. ఆ జాతి మీద బతికే పురుగులను వెతికి తెచ్చి వదిలారు, అవి ఏమీ చేయలేకపోయాయి. ఇది వేరే జాతి అని 1972లో తేలింది. 1978లో గానీ దాని పుట్టిల్లు ఆగ్నేయ బ్రెజిల్‌లో ఉందని కనుక్కోలేదు. అక్కడినుంచి తెచ్చిన ముక్కు పురుగును 1980లో ఆస్ట్రేలియాలోని మూన్‌డారా సరస్సులో వదిలితే ఏడాది పైచిలుకులో నీరు తేటపడింది. తమాషా ఏమిటంటే, ఆ ముక్కు పురుగు పేరు కూడా మొదట తప్పే చెప్పుకున్నారు! అందుకే నమూనాలను ఆల్కహాల్‌లో వేసి, ఏ మొక్క మీద, ఏ తేదీన పట్టావో రాసి, పంట కాలానికి ముందే వర్గీకరణ నిపుణులకు పంపు. ఒక జత నీ దగ్గర ఉంచుకో. ఎప్పుడైనా నిన్ను కాపాడేది అదే.

ఇక రవాణా. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. కాండం తొలిచే పురుగు కోసం ట్రైకోకార్డులు, అంటే లోపల బదనికలు పెరుగుతున్న గుడ్లను అంటించిన అట్టముక్కలు, తెప్పించాను. ఆడ పురుగు వాసన చూపి మగవాటిని పట్టే లింగాకర్షక బుట్టల్లో రెక్కల పురుగులు ఇంకా పడనేలేదు, అయినా తొందరపడ్డాను. పార్శిలు రెండు సెలవు రోజులు ఒక గదిలో మగ్గింది. తెరిచి చూస్తే కవరు లోపలి అంచున నల్లని నలుసు, వేలితో తీస్తే పొడిలా రాలింది. అవన్నీ బదనికలే. ఒక్కొక్కటి మిల్లీమీటరు కూడా ఉండదు. గుడ్లు పగిలి బయటికి వచ్చి, వెళ్లే దారి లేక అక్కడే చచ్చిపోయాయి. పొలంలో అవి వెతకవలసిన గుడ్లు అప్పటికి పుట్టలేదు కూడా. ఆ తప్పు పూర్తిగా నాదే.

అప్పటినుంచి నేను క్యాలెండరును వెనకనుంచి రాయడం నేర్చుకున్నాను. బుట్టల్లో రెక్కల పురుగులు పడటం మొదలైతే గుడ్లు పెట్టే కాలం వచ్చినట్టు. కార్డులు ఆ రోజుల్లో పొలంలో ఉండాలి. అంటే పెంపక కేంద్రానికి ఎప్పుడు చెప్పాలి, ఎవరు తేవాలి, తెచ్చేవాళ్లకు జ్వరం వస్తే ఇంకెవరు? ఆ ఇంకెవరు అన్నది రాసిపెట్టుకోని పథకాన్ని నేను నమ్మను. కార్డులు చల్లని పూట ఆకు అడుగున కట్టించు. చీమల మీద కన్నేసి ఉంచు, గుడ్లంటే వాటికి మహా ఇష్టం. గొంగళి పురుగులకు జబ్బు తెచ్చే ఎన్‌పీవీ వైరస్ అయితే సాయంత్రమే చల్లించు, ఎండ తగిలితే అది నిర్వీర్యమవుతుంది.

అన్నిటికంటే కష్టం పక్క పొలం. నువ్వు బదనికలు వదిలిన మర్నాడు పొరుగు రైతు పురుగుమందు కొడితే కథ ముగిసినట్టే. ఆయన్ని తప్పుపట్టకు, ఆయన పంట ఆయన భయం. వదలడానికి ముందే వెళ్లి కూర్చుని మాట్లాడు. ఎన్ని రోజులు మందు ఆపాలో, ఎన్ని పురుగులు కనిపిస్తే మళ్లీ ఆలోచించాలో అంకెల్లో చెప్పు. ఓపిక పట్టండి అన్న మాటకు పొలంలో విలువ లేదు.

తెగుళ్ల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను: తెగుళ్లు తెచ్చే శిలీంధ్రాలను అణచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మాను చివికిన పశువుల ఎరువులో కలిపి, నీడలో తడి ఆరకుండా కొన్నాళ్లు పెరగనిచ్చి వేయించు, శిలీంధ్రనాశినితో మాత్రం కలపనివ్వకు.

పరదేశపు జీవిని తేవాలని ఎవరైనా ఉత్సాహపడితే నువ్వే బ్రేకు వెయ్యి. చెరకు పెంకు పురుగుల కోసం 1935లో క్వీన్స్‌లాండ్‌లో కేన్ టోడ్ కప్పలను వదిలారు. పెంకు పురుగులు చెరకు పైభాగాన, కప్పలు నేల మీద! పురుగులు తగ్గలేదు, కప్పలు మాత్రం నేటికీ పాకుతూనే ఉన్నాయి. నాగజెముడును ఆస్ట్రేలియాలో అణచిన కాక్టోబ్లాస్టిస్ పురుగే 1989లో ఫ్లోరిడాలో కనిపించి అక్కడి సొంత నాగజెముళ్ల మీద పడింది. తెచ్చే జీవి ఇంకేం తింటుందో తేలాలి, క్వారంటైన్‌లో పరీక్ష జరగాలి, రాతపూర్వక అనుమతి రావాలి. ఇవన్నీ అయ్యాకే మూత తెరవాలి. ఆలస్యమవుతోందని పైవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఏమీ వదలని పొలం ఒకటి దూరంగా ఉంచుకో. అది లేకపోతే పురుగు తగ్గింది నీవల్లా, వానవల్లా అని ఎవరైనా అడిగినప్పుడు నోరు పెగలదు.

ముందు మూడు వారాల బుట్టల లెక్క నాకు పంపు. సున్నా పడిన రోజులను కూడా వదలకుండా రాయి. కార్డులు ఎప్పుడు తెప్పించాలో ఆ కాగితం చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
పెదనాన్న