రాకీ పర్వతాల్లో గంట నడక... షుగర్, బీపీ ఉన్నవాళ్లు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లె. రిటైర్డ్ టీచర్‌ని, వయసు 62. చాలా ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టాన్-హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. మోకాళ్లు లాగితే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకుంటాను. జులైలో అమెరికాలోని డెన్వర్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో బేర్ లేక్ దగ్గర ఒకరోజు హైకింగ్ ప్లాన్ చేసింది. ‘చాలా ఈజీ నాన్నా, గంట నడకే’ అంటోంది. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చా?

సమాధానం: వెళ్లొచ్చు మాస్టారూ. మీ అమ్మాయి చెప్పిందీ నిజమే. బేర్ లేక్ చుట్టూ ఉన్న దారి మైలు కూడా ఉండదు. కాకపోతే ఆ చెరువు దాదాపు 2,880 మీటర్ల ఎత్తులో ఉంది. మనం చలి కోసం వెళ్లే అరకు లోయ 900 మీటర్లు. డెన్వర్ నగరమే 1,600 మీటర్లు. బేర్ లేక్ దగ్గర ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్, సోంపేటలో అందేదాంట్లో 70 శాతం ఉంటుందంతే. సముద్రం పక్కన బతికిన ఒంటికి అది కొత్త. అందుకని విమానం దిగిన రెండో రోజే కారెక్కొద్దు. రెండు మూడు రోజులు డెన్వర్‌లోనే ఉండి, ఇంటి చుట్టుపక్కల నడిచి, నిద్ర కుదుటపడ్డాక వెళ్లండి.

పైకి వెళ్లాక కాస్త ఆయాసం ఎవరికైనా వస్తుంది. మాట్లాడుతూ నడవగలిగితే ఆ వేగం సరిపోతుంది. మాట మధ్యలో తెగుతోందంటే ఆగాలి. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి వెళ్లొద్దు, కూర్చున్నా తగ్గకపోతే కారెక్కి కిందికి దిగిపోండి. ఛాతీలో బరువు, కూర్చున్నా ఆగని ఆయాసం, తూలుతూ నడవడం కనిపిస్తే అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాల్సిందే. ‘పిల్లలు సరదాగా తీసుకొచ్చారు, చెబితే పాడుచేసినట్టవుతుంది’ అని నోరు మెదపని నాన్నలు మన వైపు చాలామంది. అక్కడ ఆ మొహమాటం పనికిరాదు.

ఎత్తు పడకపోతే ఎసిటజోలమైడ్ వేసుకోమని వాట్సాప్‌లో సలహాలు తిరుగుతుంటాయి. పొద్దున వెళ్లి సాయంత్రానికి డెన్వర్ తిరిగొచ్చే మీకు సాధారణంగా దాని అవసరం రాదు. పైగా అది కూడా మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందే. అలాంటిది మీ బీపీ మాత్రలో ఇప్పటికే ఒకటి ఉంది.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది కొండ కాదు, డైక్లోఫెనాక్. నడక ఉందని పొద్దున్నే ఒకటి వేసుకుంటారని నా అనుమానం. కిడ్నీ వడపోతకు లోపల కొంత ఒత్తిడి ఉండాలి. నొప్పి మాత్ర కిడ్నీకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. మూడూ కలిసిన రోజున వడపోత ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవచ్చు. అక్కడి పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, చర్మం మీదే ఆరిపోతుంది. నీళ్లు తగ్గాయని మీకు తోచదు. అసలే మీది ఉద్దానం. షుగర్, బీపీ లేనివాళ్లకీ కిడ్నీలు దెబ్బతింటున్న ప్రాంతం, కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కాబట్టి ఆ మాత్ర ఇక్కడైనా అక్కడైనా వద్దు. నొప్పి ఉంటే పారాసిటమాల్ వేసుకోండి, చేతికర్ర పట్టుకోండి. మోకాలు ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ సతాయిస్తుంది. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. ఆ రోజుకి ఏమైనా మార్చాలో లేదో మీ డాక్టరునే అడగండి.

ప్రయాణానికి నెల ముందే కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, రక్తం ఎంతుందో తెలిపే హీమోగ్లోబిన్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, గుండెకి ఈసీజీ చేయించండి. రక్తం తక్కువుంటే ఆ ఎత్తులో ఆయాసం ఇంకా ఎక్కువవుతుంది. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుంటే గుండె డాక్టరుకి చూపించాకే మిగతా మాటలు.

ఇక షుగర్. మెట్‌ఫార్మిన్‌తో పెద్దగా భయం లేదు, గ్లిమెపిరైడ్‌తోనే జాగ్రత్త. త్వరగా బయల్దేరాలని మాత్ర వేసుకుని టిఫిన్ వదిలేస్తే దారిలో షుగర్ పడిపోతుంది. ఆ రోజు మోతాదు తగ్గించాలేమో ముందే కనుక్కోండి. చేతులు వణకడం, నీరసం, చెమటలు వస్తే ‘ఎత్తు వల్లేలే’ అనుకోకుండా వెంటనే షుగర్ చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకి మళ్లీ చూడండి. అమ్మాయికని పలాస జీడిపప్పు పట్టుకెళ్తారు కదా, దాన్ని అప్పుడు నమ్ముకోవద్దు. అందులో కొవ్వు ఎక్కువ, షుగర్ పెరగడానికి ఆలస్యమవుతుంది. గ్లూకోమీటర్‌ని చలికి వదిలేయకుండా లోపలి జేబులో పెట్టుకోండి. ఆ రాత్రి పడుకునే ముందు కూడా ఒకసారి చూడండి, నడక ప్రభావం గంటల తర్వాత కూడా ఉంటుంది.

దారి విషయానికొస్తే, ముందు స్ప్రేగ్ లేక్ చూడండి. బేర్ లేక్ కన్నా కాస్త కింద ఉంటుంది, చుట్టూ దారి చదునుగా, వీల్‌చెయిర్ వెళ్లేలా ఉంటుంది. అక్కడ బాగుంటే బేర్ లేక్. ఇంకా ఓపిక ఉంటే నింఫ్ లేక్ అర మైలే, కానీ అది 70 మీటర్ల ఎక్కుడు. మీకు అక్కడితో చాలు. అదే రోజు ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు కూడా చూసేద్దామంటే ఒప్పుకోవద్దు. కారులోనే 3,700 మీటర్లు దాటిస్తుంది. జులైలో అక్కడ మధ్యాహ్నం దాటితే ఉరుములు, పిడుగులు మామూలే. వేసవిలో పార్కు ప్రవేశానికి టైమ్ స్లాట్లు పెడుతున్నారు కాబట్టి పొద్దుటి స్లాటే తీసుకోమనండి.

ఈలోగా ఆదివారాలు శాలిహుండం కొండెక్కి దిగండి. అమెరికాకని కొన్న బూట్లు ఇప్పటినుంచే వేసుకుని నడవండి. షుగరున్న కాళ్లకి బొబ్బ లేచినా కొన్నిసార్లు తెలియదు, ఇంటికొచ్చాక అరికాళ్లు అద్దంలో చూసుకోండి. మాత్రలన్నీ డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టుకోండి. ప్రయాణ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు షుగర్, బీపీ ఉన్నట్టు దాచకుండా రాయించి, వాటివల్ల వచ్చే ఇబ్బందికి డబ్బు ఇస్తారో లేదో అడిగి మరీ కట్టండి.

- జనరల్ ఫిజీషియన్, శ్రీకాకుళం