బంతులు ఏరే సంచి కొనేముందు దాని మెడ చూడండి

కరీంనగర్ తమ్ముడు అడిగింది ఇదీ: ఇంటి వెనక ఖాళీ జాగాలో గోల్ఫ్ ప్రాక్టీస్ చేస్తున్నాడట, బంతులు ఏరుకోవడానికి ఆన్‌లైన్‌లో తెప్పించిన పైపు సంచి (పైపు మూతి బంతి మీద పెట్టి నొక్కితే బంతి పైపులోంచి సంచిలోకి ఎక్కే రకం) ఒక్క వానాకాలం కూడా ఆగలేదట, గట్టిగా మన్నేది ఏది, కాన్వాసా నైలానా, పెద్దది కొనాలా చిన్నది కొనాలా అని.

కాన్వాస్ కొన్నా నైలాన్ కొన్నా ఒకటే తమ్మీ. నేను వాడినవి, నా వాళ్ల దగ్గర చూసినవి అన్నీ కలిపి చెబుతున్నా, గుడ్డ మధ్యలో చినిగిన సంచి ఒక్కటీ లేదు. పోయేది ఎప్పుడూ రెండే చోట్ల. ఒకటి పైపు సంచిలోకి దూరే మెడ దగ్గర, రెండోది భుజం పట్టీ కుట్టిన మూల దగ్గర. అమ్మేవాళ్లేమో జేబులు చూపిస్తారు, లోగో చూపిస్తారు, 600 డెనియర్ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. డెనియర్ అంటే దారం లావు ఎంతో చెప్పే లెక్క, కుట్టు ఎట్లుందో అది చెప్పదు.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లు గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న గోల్ఫ్ కోర్సుకు పోయేవాణ్ణి. అక్కడ రేంజ్‌లో, అంటే ప్రాక్టీస్ జాగాలో, బంతులు కొట్టి ఇంటికి రావడమే, ఏరే బాధ మనది కాదు. (హాతియాన్ కా ఝాడ్ అనే ఆ పెద్ద బావోబాబ్ చెట్టు కూడా ఆ ఖిల్లాలోనే ఉంటుంది. మీ గోల్ఫ్ కన్నా ఆ చెట్టే నయం అంటుంది మా ఆవిడ.) హన్మకొండకు వచ్చాక నాకు మిగిలింది ధర్మసాగర్ వైపు మా మేనమామ పొలం. యాసంగి వరి కోసి, గడ్డి ఎత్తేశాక వానలు పడేదాకా ఖాళీ. ఎండ తగ్గాక అక్కడికి పోయి వెడ్జ్‌లు, చిన్న ఐరన్‌లు, అంటే దగ్గరి దెబ్బలకు వాడే గోల్ఫ్ కర్రలతో, కొట్టుకుంటా. వరి కొయ్యల మధ్య పడ్డ బంతిని వంగి వంగి తీయాలంటే నడుం పోతుంది కాబట్టి పైపు సంచి కొన్నా.

ఒక సాయంత్రం సంచి నిండా ఏరుకుని, భుజానికి వేసుకుని గట్టు మీద నడుస్తున్నా. గట్టుకు ఒక పక్క పొలం, ఇంకో పక్క కాలువలోకి దిగే వాలు. నడుస్తుంటే పట్టీ ఒక్కసారిగా తేలికైంది. ఏమైందని చూసేలోపే పైపు ఊడి కింద పడింది, దాని వెనకే బంతులన్నీ టపటపా రాలి వాలు మీద దొర్లడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే బర్లు ఇంటికి మళ్లుతున్నాయి. ఒక బర్రె ఆగి బంతిని వాసన చూసింది, నాలుకతో ఒకసారి తిప్పి వదిలేసింది. బర్లను తోలుకొచ్చే అవ్వ ఒకటి చేతిలోకి తీసుకుని, మీద ఉన్న గుంటలన్నీ బొటనవేలితో తడిమి, "ఏం పిట్టవి సారూ ఈ గుడ్లు, ఇంత గట్టిగున్నయ్?" అనడిగింది. ఆమెకు నేను సమాధానం చెప్పేలోపు పిల్లలు కాలువలోకి దిగిపోయారు. మామ మోటరు దగ్గర కూర్చుని, "పరిగె ఏరుకుంటున్నవా అల్లుడా?" అని ఒకటే నవ్వు. కొన్ని దొరికాయి, కొన్ని పిల్లల చెడ్డీ జేబుల్లో పోయాయి, వాటిని నేను అడగలేదు. తర్వాత ఆ పిల్లలే బంతికి రూపాయి చొప్పున ఏరిపెడతామని బేరానికి వచ్చారనుకోండి, అది వేరే కథ.

మర్నాడు సంచిని చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే అన్న దగ్గరికి తీసుకుపోయా. ఆయన సంచిని లోపల బయటకు తిప్పాడు. మెడ దగ్గర ప్లాస్టిక్ రింగు, దాని చుట్టూ ఒకే ఒక్క వరస మిషన్ కుట్టు, గుడ్డ అంచు మడవనైనా మడవలేదు, పోగులు లేచి ఉన్నాయి. రింగు అంచు నున్నగా లేక గుడ్డను కొంచెం కొంచెంగా కోసేసింది. బొటనవేలు ఆ సందులో పెట్టి చూసి, "గుడ్డ మంచిదే సార్, కుట్టే దొంగకుట్టు" అన్నాడు. రింగు అంచును సాన కాగితంతో నున్నగా గీకి, మెడ చుట్టూ తోలు పట్టీ వేసి, ఆరెతో పొడిచి, మైనం పట్టించిన నైలాన్ దారంతో రెండు వరసలు కుట్టాడు. భుజం పట్టీ కూడా తీసేయించి నవారు పట్టీ వేయించా. నవారు మంచం మీద మనుషులే పడుకుంటారు, ఈ బంతులు దానికి ఒక లెక్కా. ఆ సంచే ఇప్పటికీ వాడుతున్నా.

మెడ మీద ఎంత బరువు పడుతుందో ఎవరూ ఆలోచించరు. గోల్ఫ్ బంతి బరువు రూల్స్ ప్రకారం 45.93 గ్రాములు దాటకూడదు, మామూలుగా దాదాపు అంతే ఉంటుంది. అంటే 100 బంతులు వేస్తే నాలుగున్నర కిలోలు. పైపు కిందికి ఉంటే ఆ బరువంతా మెడ చుట్టూనే కూర్చుంటుంది. దానికి తోడు బంతిని నొక్కిన ప్రతిసారీ పైపు పైకి తన్నుతుంది, మనం కిందికి తోస్తాం. ఈ తోపులాటంతా ఆ కాస్త కుట్టు మీదనే. అందుకే పెద్ద సంచి కొనకండి. 50, 60 బంతులు పట్టేది చాలు, ఆ మాత్రం బంతులు ఒళ్లు దగ్గర పెట్టుకుని కొడితే ప్రాక్టీస్ అదే అవుతుంది. బకెట్లకు బకెట్లు కొట్టి, పదో బంతి ఎటు పోయిందో కూడా చూడకుండా ఫోన్‌లో వీడియో తీసుకునేవాళ్లను నేను చాలామందినే చూశా.

పైపు సంగతి. అల్యూమినియం పైపు పగలదు, కానీ సొట్ట పడితే కథ అయిపోయినట్టే. బంతి అడ్డకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదని రూలు, పైపు లోపలి కొలత దానికన్నా కొంచెమే ఎక్కువ, చిన్న సొట్టకే బంతి ఇరుక్కుంటుంది. ప్లాస్టిక్ పైపేమో మన మే నెల ఎండకు పెళుసెక్కుతుంది. కారు డిక్కీలో, మిద్దె మీద పడేస్తే ఇంకా తొందరగా. పోయిన పైపుకు కొత్త సంచి కొనాల్సిన పని లేదు. జేబులో బంతి వేసుకుని బోరు సామాన్ల షాపుకు పోయి, పీవీసీ పైపుల్లో జార్చి చూడండి. 40 మిల్లీమీటర్లది పట్టదు, 50లో పల్చగోడది తీసుకుంటే జారుతుంది. కింది మూతికి సైకిల్ ట్యూబు పీలికలు రెండు అడ్డంగా బిగించి కడితే ఎక్కిన బంతి మళ్లీ కిందపడదు.

రివ్యూల గురించి కూడా ఒక మాట. "ప్రొడక్ట్ బాగుంది, డెలివరీ ఫాస్ట్" అని సంచి వచ్చిన రోజే అయిదు చుక్కలు ఇస్తారు. అరే, ఇంకా ఒక్క బంతి కూడా వేయలేదు కదా! నాసిరకం కుట్టుతో పంపిన కంపెనీకి నేను మెడ ఫోటో తీసి పెడితే, దాన్ని వాడిన తీరు సరిగ్గా లేదని జవాబు వచ్చింది. బంతులు ఏరే సంచితో బంతులే ఏరాను, ఇంకెట్లా వాడాలో.

కాబట్టి కొనేటప్పుడు అమ్మేవాణ్ణి మెడ లోపలి వైపు ఫోటో అడుగు, పంపకపోతే వదిలెయ్. రెండు వరసల కుట్టు, మడిచిన అంచు ఉండాలి. రింగుకు స్క్రూలతో బిగించే బద్దె ఉంటే ఇంకా మంచిది, పైపు విప్పి కడుక్కోవచ్చు. ఏ సంచి కొన్నా మొదటి బంతి వేయకముందే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకుపో. నూరో రెండు నూర్లో అడుగుతాడు, బేరం ఆడకు.

ఇంకోటి, నీ జాగా ఎర్ర చెలకనా, నల్లరేగడా రాయలేదు. చెలకైతే ఏ పైపైనా పనిచేస్తుంది. రేగడి అయితే వానాకాలంలో పైపు దండగ, ఎందుకంటే కింద గట్టి నేల ఉంటేనే నొక్కిన బంతి పైపులోకి ఎక్కుతుంది, మెత్తటి బురదలో నొక్కితే బంతి ఇంకా లోపలికే దిగుతుంది. నువ్వు ఇంకా గట్టిగా నొక్కుతావు, మెడ ఊడుతుంది. నీ సంచి పోయింది అట్లనే అయ్యుంటుంది. వానలున్నన్ని రోజులు పైపు ఇంట్లో పెట్టి, పాత పెయింటు డబ్బా పట్టుకుని చేత్తో ఏరుకో. తడిసిన సంచిని జిప్పు తెరిచి నీడలో ఆరబెట్టు, పైపు లోపల కర్రకు గుడ్డ చుట్టి తుడువు, రేగడి ఎండి గట్టిపడితే బంతి కదలదు.