పండుగ అయిపోయినా దసరా పేజీకే వెళ్తోంది!

ప్రశ్న: మేము మంగళగిరి చీరలు అమ్మే చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాం. దసరాకు, హోమ్ పేజీ తెరిచినవారు నేరుగా తగ్గింపు ధరల పేజీకి వెళ్లేలా సర్వర్‌లో 301 రీడైరెక్ట్ పెట్టాను. పండుగ అయ్యాక దాన్నీ, ఆ పేజీనీ తీసేశాను. మా ఆవిడ ఫోనులోని ఫైర్‌ఫాక్స్‌లో హోమ్ పేజీ చక్కగా వస్తోంది. నా క్రోమ్‌లో మాత్రం ఇప్పటికీ దసరా పేజీకే వెళ్లి, 404 (‘ఆ పేజీ లేదు’) అని చూపిస్తోంది. క్రోమ్‌లో లోపమా?

జవాబు: లోపం లేదండీ. మీరు ఇచ్చిన మాటనే క్రోమ్ ఇంకా పట్టుకుని ఉంది. 301 అంటే ‘ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చిరునామాకు మారింది’ అని సర్వర్ చెప్పడం. గడువు చెప్పకపోతే బ్రౌజర్ ఆ మాటను దాచుకుంటుంది, మళ్లీ సర్వర్‌ను అడగదు. ఫైర్‌ఫాక్స్ కూడా అంతే. బహుశా ఆ ఫోనులో మీ సైటును పండుగ అయ్యాకే మొదటిసారి తెరిచి ఉంటారు. ఒకసారి అడిగి చూడండి.

నిర్ధారించుకోవడం తేలిక. సర్వర్ యాక్సెస్ లాగ్ (ఏ పేజీని అడిగారో సర్వర్ రాసుకునే చిట్టా) ఎదురుగా పెట్టుకుని, క్రోమ్‌లో హోమ్ పేజీ చిరునామా కొట్టండి. హోమ్ పేజీని అడిగినట్టు లాగ్‌లో ఒక్క వరుస కూడా పడదు. దసరా పేజీని అడిగిన వరుస మాత్రం 404తో వచ్చి పడుతుంది. అంటే దారి మళ్లించింది మీ సర్వర్ కాదు, బ్రౌజర్ కాష్, అంటే బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న పాత సమాచారం. మీ కంప్యూటర్‌లో కాష్ తుడిచేస్తే సరిపోతుంది.

నా బెంగ మీ ఖాతాదారుల గురించి. దసరాకు వచ్చిన వారందరి బ్రౌజర్లలోనూ ఇదే మాట దాగి ఉండవచ్చు, వాటిని మీరు తుడవలేరు. అందుకని దసరా చిరునామాను మళ్లీ బతికించి, అక్కడ హోమ్ పేజీనే యథాతథంగా చూపించండి. అక్కడి నుంచి హోమ్ పేజీకి రీడైరెక్ట్ మాత్రం పెట్టకండి. కాష్ ముందుకు తోస్తుంది, సర్వర్ వెనక్కి తోస్తుంది, చివరికి ‘మరీ ఎక్కువసార్లు దారి మళ్లించారు’ అంటూ బ్రౌజర్ ఆగిపోతుంది. ఒక కాలేజీ ప్రవేశాల సైటులో నేనే ఈ తప్పు చేశాను. దరఖాస్తులకు అది చివరి రోజు. ముందు రోజు వచ్చి వెళ్లిన పిల్లలకే పేజీ తెరుచుకోలేదు, కొత్తగా వచ్చినవారికి తెరుచుకుంది. ఆ సాయంత్రం వచ్చిన ఫోన్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

సంక్రాంతికి 302 వాడండి. అది తాత్కాలికం, ప్రత్యేకంగా గడువు రాసి పంపితే తప్ప బ్రౌజర్ దాచుకోదు. ఆర్డర్ ఫారం పంపే చిరునామాను మళ్లించాల్సి వస్తే 307 పెట్టండి. 302తో అయితే బ్రౌజర్ పోస్ట్‌ను (వివరాలు పంపే అభ్యర్థనను) గెట్‌గా (పేజీని అడిగే అభ్యర్థనగా) మార్చి, నింపిన వివరాలను దారిలోనే వదిలేస్తుంది. ఇవి పెట్టాక ప్రతిసారీ కొత్త ప్రైవేట్ విండోలో సరిచూసుకోండి. దసరా చిరునామాను అడిగే వరుసలు లాగ్‌లో పూర్తిగా ఆగేవరకు ఆ పేజీని తీయకండి.