డాక్టర్ సలహా: ప్రార్థన మానాలా, మాత్రలు మానాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చిత్తూరు. మా తమ్ముడికి 26 ఏళ్లు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. రెండేళ్ల కిందట బైపోలార్ (మనసు కొన్నాళ్లు విపరీతంగా ఎగసి, కొన్నాళ్లు కుంగిపోయే జబ్బు) అని చెప్పి లిథియం మాత్రలు రాశారు. బాగానే ఉండేవాడు. మొన్న లెంట్ రోజుల్లో (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం) ఉపవాస ప్రార్థనలకు వెళ్తూ, తనకు స్వస్థత కలిగిందని మందిరంలో సాక్ష్యం చెప్పి మాత్రలు మానేశాడు. మూడు వారాలకే నిద్ర పట్టడం మానేసింది. తెల్లవార్లూ బైబిలు చదవడం, మూడు గంటలకు అందరికీ ఫోన్లు చేయడం, తాను ప్రవక్తనని చెప్పడం. నెల జీతమంతా కానుకల సంచిలో వేసేస్తే, అయ్యగారే (మా పాస్టర్) ఇంటికి తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. ఆసుపత్రిలో చేర్చాక కుదుటపడి మళ్లీ మాత్రలు వాడుతున్నాడు. మాత్రలు మింగితే విశ్వాసం లేనట్టే అని అమ్మ అంటోంది. చర్చి వల్లే ఇదంతా, మాన్పించేయండి అని చిన్నాన్న పట్టుబడుతున్నాడు. ఒక ప్రార్థన కేంద్రంలో నలభై రోజులు వదిలేయమని బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక అక్క, చిత్తూరు

జవాబు: అమ్మా, చర్చి మాన్పించకండి. మాత్రలు ఒక్క పూట కూడా ఆపకండి. ఆ కేంద్రానికి మాత్రం పంపొద్దు.

ఈ జబ్బు చర్చి వల్ల రాలేదు. బైపోలార్‌లో వంశపారంపర్యం పాత్ర చాలా ఎక్కువ. జబ్బు ఎగదన్నినప్పుడు, మనిషి మనసులో ముందు నుంచీ ఏముంటే అదే మాటల్లో బయటపడుతుంది. తిరుపతిలో నా ఓపీకి ఇదే జబ్బుతో వచ్చేవాళ్లలో ఒకరు శ్రీవారు తనతో మాట్లాడుతున్నారంటారు, ఇంకొకరు ముఖ్యమంత్రి తన ఫోన్ కోసం ఎదురుచూస్తున్నారంటారు. మీ తమ్ముడు మందిరంలో పెరిగాడు కాబట్టి ప్రవక్తనన్నాడు. ఏది భక్తి, ఏది జబ్బు అన్నది తేల్చుకోవడానికి మేం అడిగే ప్రశ్న ఒకటుంది: అదే సంఘంలో, అదే విశ్వాసంతో ఉన్న మిగతావాళ్లకు కూడా అతని తీరు వింతగా అనిపించిందా? మీ అయ్యగారికి అనిపించింది. అందుకే ఆ డబ్బు వెనక్కి తెచ్చిచ్చారు. ఆయన మీకు దొరికిన పెద్ద అండ. ఆయన్ని దూరం చేసుకోకండి.

అయితే ఆ లెంట్ రోజుల్లో జరిగిన రెండు విషయాలు మీరు గట్టిగా పట్టించుకోవాలి. ఒకటి నిద్ర. బైపోలార్ ఉన్నవాళ్లకు రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోతే చాలు, అదే ఉన్మాద దశను రాజేయగలదు. రాత్రి ప్రార్థన అయినా, పెళ్లి హడావిడి అయినా, సీజన్‌లో నైట్ షిఫ్ట్ అయినా మెదడుకు తేడా తెలియదు. కాబట్టి ఆల్ నైట్ ప్రేయర్‌కు వెళ్లినా పది గంటలకల్లా ఇంటికి రావాలి. ఫ్యాక్టరీలో డే షిఫ్టే అడగమనండి, కావాలంటే డాక్టర్ సర్టిఫికెట్ తీసుకోండి.

రెండోది ఉపవాసం. లిథియం ఉప్పు లాంటి మందు. కిడ్నీలు ఉప్పును ఎలా చూస్తాయో దీన్నీ దాదాపు అలాగే చూస్తాయి. ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. రక్త పరీక్ష రిపోర్టులో సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండాల్సిన లిథియం అంకె పైకి ఎగబాకుతుంది. 1.5 దాటితే ప్రమాదం. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన చిత్తూరు ఎండల్లో నీళ్లు కూడా తాగకుండా చేసే ఉపవాసం ఇతనికి పనికిరాదు. మాంసం మానుకోవచ్చు, ఫోన్ మానుకోవచ్చు, అదీ ఉపవాసమే అని అయ్యగారి చేతే చెప్పించండి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మందుల షాపులో అడిగి వేసుకోవడం కూడా వద్దు. అవీ లిథియాన్ని పెంచుతాయి.

అమ్మగారి సంగతి. ఆమెతో వాదించకండి, పెద్దావిడ భయంతో అంటున్న మాట అది. బైబిల్లో రాజులు రెండో గ్రంథం 20వ అధ్యాయం ఆమె చేతే చదివించండి. హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. ఆ వెంటనే యెషయా ప్రవక్త ఏం చేయించాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన ఫలించిన తర్వాతే పెట్టిన మందు అది. నేనూ ఆదివారం మందిరానికి వెళ్లేవాణ్నే. ఈ అధ్యాయం చదివిన ప్రతిసారీ నా వృత్తి మీద నాకు గౌరవం పెరుగుతుంది. ఒకసారి ఒక తల్లి నా టేబుల్ మీద బైబిలు సంచి పెట్టి, జిప్పు తీసి మాత్రల స్ట్రిప్ చూపించింది. సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక ఆమేన్ అనగానే కొడుకు చేతిలో మాత్ర, గ్లాసుడు నీళ్లు. ఆ ఇంట్లో ఒక్క మాత్ర కూడా మిగిలిపోవడం నేను చూడలేదు.

కుదురుగా ఉన్నాడు కదా, ఇక ఎందుకు అని అడుగుతారు. కుదురుగా ఉంది మాత్ర వల్లే. లిథియం ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా ఎక్కువ. ఎన్నేళ్లు వాడాలన్నది అతనూ డాక్టరూ కూర్చుని తేల్చుకోవాలి.

ఈ జబ్బుకు రెండో ముఖం కూడా ఉంది. కొన్ని నెలల తర్వాత అతను మంచం దిగకపోవచ్చు. క్షమాపణ లేని పాపం చేశానని, దేవుడు నన్ను విడిచిపెట్టాడని అనొచ్చు. విశ్వాసుల ఇళ్లలో డిప్రెషన్ తరచూ ఈ మాటలతోనే మాట్లాడుతుంది. అప్పుడు ‘ఇంకా పశ్చాత్తాపపడు’ అని ఎవరైనా అంటే కుర్రాడు ఇంకా లోతుకు జారిపోతాడు. ఏలీయా ప్రవక్త చెట్టు కింద కూర్చుని నా ప్రాణం తీసుకోమన్నప్పుడు దూత ఏం ప్రసంగించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ తినమన్నాడు. సంఘం చేయాల్సిందీ అదే. క్యారియర్‌లో కూర తెచ్చివ్వడం, ఓపీ రోజున బస్సులో తోడు రావడం, ఒక పూట అతని దగ్గర కూర్చుని అమ్మను పడుకోనివ్వడం. చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు, 14416 నంబరుకు, ఏ వేళ అయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకోటి అయ్యగారికి నా మాటగా చెప్పండి. స్వస్థత సాక్ష్యం అతనితో మళ్లీ చెప్పించొద్దు. పదిమంది ముందు బాగయ్యానని చెప్పినవాడు, జబ్బు తిరగబెడుతోందని నోరు విప్పి చెప్పలేడు. దాచుకుంటాడు.

ప్రార్థన కేంద్రం గురించి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండడంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. ఏ మతం చోటు అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మానసిక రోగిని గొలుసుతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఎక్కడైనా సరే నిషేధించింది. మీకు చేరువలోనే రాయవేలూరు (వెల్లూరు) ఉంది. క్రైస్తవ వైద్యులు నడిపే సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వారి మానసిక ఆరోగ్య కేంద్రం బాగాయంలో 1957 నుంచి ఉంది. రోగితో పాటు ఇంటివాళ్లు కూడా ఉండి జబ్బు గురించి నేర్చుకునే పద్ధతి అక్కడ మొదటి నుంచీ ఉంది. అమ్మగారికి నచ్చుతుందనుకుంటాను. తిరుపతికే రాగలిగితే రుయా ప్రభుత్వాసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది.

ఎక్కడికి వెళ్లినా లిథియం లెవెల్‌తో పాటు థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఆర్నెల్లకోసారి చేయించండి. లెవెల్ చూసే రోజు పొద్దున మాత్ర వేసుకోకూడదు. ముందు రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి రక్తం ఇచ్చి, ఆ తర్వాత వేసుకోవాలి. వీలైతే ఆ రోజు అయ్యగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.